బాగుండమంటే తాగమన్నట్టు

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీలో మాకు షేక్‌స్పియర్ 'మాక్బెత్' నాటకం పాఠంగా ఉండేది. రాజును చంపడానికి వెనకాడుతున్న మొగుడికి లేడీ మాక్బెత్ ధైర్యం నూరిపోసే ఘట్టం అందులో ఉంది. "రాజుగారి గదిలో కాపలా ఉండే ఇద్దరి సంగతీ నాకు వదిలెయ్. వైనూ వాసెయిలూ పట్టించి ఒళ్ళు తెలియకుండా పడేస్తాను" అంటుంది ఆవిడ. వైన్ సంగతి తెలుసు. మరి ఈ వాసెయిల్ ఏమిటండీ అని మేష్టారిని అడిగాను. "తాగుడేనయ్యా, రాసుకో" అన్నారు. పుస్తకం అంచున పెన్సిలుతో 'తాగుడు' అని రాసుకున్నాను. పరీక్షకు ఆ మాత్రం సరిపోయింది.

ఆ మాటకు అసలు అర్థం తాగుడు కాదని, 'ఆరోగ్యంగా ఉండు' అని, చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. ఒక దీవెన చివరికి హత్యకు సరంజామా ఎలా అయిందన్నదే ఈ పూట మన ముచ్చట.

వినడానికి ఓడ తెరచాపలా ఉంటుంది గానీ ఆ 'సెయిల్'కీ దీనికీ సంబంధం లేదు. ఇది రెండు మాటలు కలిసిపోయి ఒకటైనది. పాత ఇంగ్లిష్‌లో 'వెస్ హాల్' అనేవారు. 'వెస్' అంటే ఉండు. 'హాల్' అంటే ఏ లోటూ లేకుండా, నిక్షేపంలా. మన పెద్దవాళ్ళు 'ఆయుష్మాన్ భవ' అంటారే, ఆ 'భవ' లాంటిదే ఈ 'వెస్'. సముద్రం దాటి వచ్చి ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో కాపురం పెట్టిన వైకింగుల నార్స్ భాషలోనూ దీని తోబుట్టువు ఉంది, 'వెస్ హెయిల్'. మనం నేడు పలికే రూపానికి ఆ నార్స్ యాస తగిలిందని పండితులు చెబుతారు.

ఆ 'హాల్' సంతానం ఇప్పటికీ మన నోళ్ళలో ఆడుతోంది. హెల్త్, హీల్, హోల్, చివరికి పవిత్రమైనది అనే 'హోలీ' కూడా ఆ కడుపున పుట్టినవే. 'హోల్' స్పెల్లింగ్ ముందు పలకని డబ్ల్యు ఒకటి కూర్చుని పిల్లల్ని ఏడిపిస్తుంది కదా, అది తర్వాతెప్పుడో ఎవరో తగిలించింది, మొదట లేదు. ఇక 'వెస్' వంశం మన గుమ్మం దాకా వస్తుంది. ఇంగ్లిష్‌లో మనం రోజూ వాడే 'వాజ్', సంస్కృతంలోని 'వస్' ధాతువు ఒకే మూలం నుంచి వచ్చాయంటారు భాషాశాస్త్రజ్ఞులు. వసతి, నివాసం, ఈ మాటలన్నీ ఆ వాసెయిల్‌కు దూరపు చుట్టాలన్నమాట.

మొదట్లో ఇది ఉత్త పలకరింపే. పాత ఇంగ్లిష్ కావ్యం 'బేవుల్ఫ్'లో కథానాయకుడు హ్రోత్‌గార్ మహారాజు కొలువులోకి అడుగుపెడుతూనే ఈ మాటే అంటాడు. అప్పుడు అతని చేతిలో గిన్నె లేదు, గ్లాసు లేదు.

మరి గిన్నె ఎప్పుడు వచ్చింది? దీనికి ఒక కథ ఉంది, అది జాఫ్రీ ఆఫ్ మాన్మత్ అనే ఆయన 1136 ప్రాంతంలో లాటిన్‌లో రాసింది. ఆయన చరిత్ర రాస్తున్నానంటూ కథలల్లిన మనిషి కాబట్టి నమ్మాల్సిన పని లేదు, వింటే చాలు. బ్రిటన్ల రాజు వోర్టిగెర్న్. ఆయన పిలిస్తే సముద్రం దాటి వచ్చిన సాక్సన్ నాయకుడు హెంగిస్ట్. ఈ సాక్సన్లు మాట్లాడిందే మనం చెప్పుకున్న పాత ఇంగ్లిష్. విందు జరుగుతోంది. హెంగిస్ట్ కూతురు రొవీనా బంగారు గిన్నె నిండా వైన్ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. రాజు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "లావెర్డ్ కింగ్, వాసెయిల్" అంది. రాజుగారికి ఆ భాష రాదు. పిల్ల మాత్రం నచ్చింది. పక్కనున్న దుబాసీని అడిగాడు, ఏమంటోంది అని. "మిమ్మల్ని ప్రభూ అని సంబోధించి మీ ఆరోగ్యం కోరుతోంది. మీరు 'డ్రింక్‌హెయిల్' అనాలి" అన్నాడు దుబాసీ. రాజు ఆ మాట అన్నాడు, ఆమెను తాగమన్నాడు, ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని ముద్దుపెట్టుకుని తానూ తాగాడు. అదే రాత్రి పెళ్ళి. కన్యాశుల్కంగా కెంట్ ప్రాంతమంతా మామగారి చేతికి పోయింది. ఆ కెంట్‌ను అంతకుముందు నుంచీ ఏలుకుంటున్న దొరకు మాటమాత్రంగానైనా చెప్పలేదట, పాపం.

కథ కల్పితమే అయినా జాఫ్రీ కాలానికి లోకంలో ఉన్న అలవాటు మాత్రం అందులో దొరుకుతుంది. గిన్నె అందించేవారు 'వాసెయిల్' అనాలి, అందుకునేవారు 'డ్రింక్‌హెయిల్' అనాలి. ఒకటి ప్రశ్న, ఒకటి జవాబు. 1066 అక్టోబరులో, ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లిష్‌వాళ్ళను ఓడించిన హేస్టింగ్స్ యుద్ధానికి ముందు రాత్రి ఇంగ్లిష్ సైనికులు ఈ రెండు మాటలూ అరుచుకుంటూ తాగుతూ కూర్చున్నారని వాస్ అనే నార్మన్ కవి రాశాడు. గెలిచినవాళ్ళ కవి కదా, ఓడినవాళ్ళు తాగుబోతులని రాయడంలో వింత లేదు. అదే 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ సన్యాసి ఒకాయన, పారిస్‌లో చదువుకుంటున్న మావాళ్ళు బుద్ధిమంతులే గానీ ఈ వాసెయిల్, డ్రింక్‌హెయిల్ పిచ్చి ఒక్కటే వాళ్ళను చెడగొడుతోందని వేళాకోళం చేశాడు. ఊరు దాటి చదువుకెళ్ళిన కుర్రాళ్ళ మీద ఇంటివాళ్ళ బెంగ అప్పుడూ ఇదే.

జవాబు మాట కాలక్రమంలో రాలిపోయింది. వాసెయిల్ మిగిలింది. మిగిలిందే గానీ ఒకచోట నిలవలేదు, మనిషి నోటి నుంచి గిన్నెలోకి దిగింది. తాగేముందు అనే మాట తాగే పానీయానికే పేరైపోయింది. ఏ పానీయమంటే, బీరులాంటి ఏల్‌ను వేడిచేసి అందులో చక్కెర, జాజికాయ, అల్లం వేస్తారు. ఆపిల్ పళ్ళను నిప్పుల మీద కాలుస్తారు. తొక్క పగిలి లోపలి గుజ్జు తెల్లగా నురగలా ఉబికి వచ్చాక వేడి ఏల్‌లో వేస్తారు. ఆ తెల్లటి నురగను చూసి దానికి గొర్రెపిల్ల ఉన్ని అనే ముద్దుపేరు కూడా పెట్టారు. పెద్ద చెక్క గిన్నెలో పోసి చేతులు మార్చుకుంటూ అందరూ ఆ ఒక్క గిన్నెలోంచే తాగేవారు. ఎంగిలి పట్టింపు ఉన్న మనబోటివాళ్ళకు ఆ సంబరంలో చోటు కష్టమే.

ఆ తర్వాత గిన్నెలోంచి పొంగి గది నిండా పరుచుకుంది. షేక్‌స్పియర్ నాటికి వాసెయిల్ అంటే అర్ధరాత్రి దాకా సాగే తాగుబోతు గోల. 'హామ్లెట్'లో కొత్త రాజు ఒక్కో గుక్క తాగినప్పుడల్లా నగారాలు, బూరలు మోగుతుంటాయి. హామ్లెట్‌కు తల కొట్టేసినట్టవుతుంది. దీనివల్ల పక్క దేశాలవాళ్ళు మనల్ని తాగుబోతులంటున్నారని మిత్రుడి దగ్గర వాపోతాడు. అక్కడి నుంచి లేడీ మాక్బెత్ చేతిలోకి ఎంత దూరం?

దీవెన ఇలా తలకిందులవడం మనకూ కొత్త కాదు. 'స్వస్తి' అంటే అచ్చం 'వెస్ హాల్' అర్థమే, సు అస్తి, బాగుండుగాక అని. పెళ్ళి శుభలేఖ దానితో మొదలవుతుంది, పాత శాసనాలూ దానితోనే మొదలయ్యేవి. కానీ పూజ చివర 'స్వస్తి ప్రజాభ్యః' అని చదువుతాం కాబట్టి, స్వస్తి అంటే అయిపోయింది అనే అర్థం పట్టుకుంది. 'మంగళం పాడేశారు' అన్నా అంతే కదా. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతొకటి ఉంది. డాక్టరు గట్టిగా చెబితే మనవాడు మందుకు స్వస్తి చెబుతాడు, అంటే మానేస్తాడు. అవతల ఇంగ్లిష్‌వాడు అదే అర్థమున్న మాట చెప్పి మొదలుపెట్టేవాడు. పైగా మనం సారాకు 'మందు' అని పేరు పెట్టుకున్నవాళ్ళం. ఆరోగ్యం పేరు చెప్పి తాగడంలో మనకూ వాళ్ళకూ పెద్ద తేడా లేదు.

సరే, ఆ మాటకు ఇంకో బతుకు కూడా ఉంది. క్రిస్మస్ నుంచి పన్నెండో రాత్రి దాకా పేదవాళ్ళు ఖాళీ గిన్నెకు రిబ్బన్లు కట్టి, ఇల్లిల్లూ తిరుగుతూ పాడేవారు. సంక్రాంతి నెలలో మన హరిదాసులు, గంగిరెద్దులవాళ్ళు గుమ్మంలోకి వచ్చినట్టే. ఆ తిరగడానికీ వాసెయిల్ అనే పేరు. హరిదాసు నోట దీవెనే తప్ప మరో మాట రాదు గానీ వీళ్ళ పాట కాస్త గడుసు. ఒక పాటలో దొరగారి ఇంటి బట్లర్‌ను పట్టుకుని, మేలురకం బీరు పోశావా నీ ఆత్మకు స్వర్గం, నీళ్ళబీరు పోశావా నువ్వూ నీ గిన్నే కలిసి బోర్లా పడతారు అని పాడతారు.

ఇంగ్లండ్ నైరుతిన సోమర్సెట్ జిల్లాలో కార్‌హాంప్టన్ అనే ఊరుంది. ఆపిల్ తోటల సీమ, ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్‌కు పేరు. 1752లో బ్రిటన్ కేలండర్ మార్చి పదకొండు రోజులు ఎగరగొట్టినా, ఆ ఊరివాళ్ళు పాత లెక్క వదల్లేదు. వాళ్ళ పన్నెండో రాత్రి జనవరి 17న, మన కనుమ వెళ్ళిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. చలి, చీకటి. తోటలో ఒక ముసలి ఆపిల్ చెట్టు చుట్టూ జనం చేరతారు. కాల్చిన రొట్టెముక్కను సైడర్‌లో ముంచి కొమ్మల మధ్య పెడతారు, రాబిన్ పిట్టల కోసమట. విందుల్లో గ్లాసులెత్తి 'టోస్ట్' అంటారే, ఆ మాట కూడా ఒకప్పుడు ఇలా పానీయంలో వేసుకున్న కాల్చిన రొట్టె నుంచి వచ్చిందే. చెడు ఆత్మలు పారిపోవాలని కొమ్మల్లోకి తుపాకులు పేలుస్తారు. 'ఓ ముసలి ఆపిల్ చెట్టూ, నీకు వాసెయిల్' అని పాడతారు.

అక్కడ ఎవరూ తాగుడు గురించి మాట్లాడటం లేదు. నిక్షేపంగా ఉండు, నిండుగా కాయి అంటున్నారు, అంతే. జవాబుగా డ్రింక్‌హెయిల్ అనడానికి చెట్టుకు నోరు లేదు. అందుకని గిన్నె వంచి సైడర్‌ను దాని వేళ్ళ దగ్గర పోస్తారు.

నమస్కారం.