మానేసినవాళ్ల తాళంచెవి ఎవరి దగ్గరుంది?

అందరికీ నమస్కారం. టీకి ముందు స్లాట్ నాకిచ్చారు కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. కోడ్ ఉండే సర్వర్‌లోకి ఎవరిని, ఏ దారిన రానివ్వాలన్నదే ఆ విషయం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో సబ్‌వర్షన్ వాడేవాళ్లం, అంటే కోడ్‌ని, అందులో ఎవరు ఏం మార్చారో భద్రపరిచే సాఫ్ట్‌వేర్. ఇంటి నుంచి పని చేసేవాళ్ల కోసమని దాని 3690 పోర్టును, అంటే సర్వర్‌లోకి వచ్చే తలుపును, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేశారు. ఓ రోజు డిస్క్ నిండిందంటే చూద్దామని సర్వర్‌లోకి వెళ్లాను. పాస్‌వర్డ్‌ల ఫైల్ కనబడింది. తెరిస్తే వరసగా పేర్లు, ఒక్కో పేరు పక్కన ఈక్వల్ గుర్తు, ఆ పక్కనే పాస్‌వర్డ్. దాపరికమే లేదు. మా మేనేజర్ గారి అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం నాకు తెలిసింది అలాగే. ఎప్పుడో మానేసిన ఇద్దరి పేర్లు కూడా అందులో భద్రంగా ఉన్నాయి.

ఆ పద్ధతిలో పాస్‌వర్డ్ వైరు మీద నేరుగా వెళ్లదు, నిజమే. కోడ్ మాత్రం పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్తుంది. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గిట్‌కి ఉన్న 9418 పోర్టు దారి ఇంకా దారుణం, అక్కడ ఎవరు నువ్వని అడిగే దిక్కే లేదు. గిట్ కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2022 మార్చిలో దాన్ని మూసేసింది.

ఇక మిగిలేవి కోడ్‌ని గుప్తంగా పంపే రెండు దారులు: వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్, దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్. క్లయింట్ ఆఫీసుల్లో హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్టు తప్ప ఏదీ తెరవనివ్వరు, అలాంటి చోట మొదటిదే దిక్కు. పాస్‌వర్డ్ బదులు టోకెన్, అంటే కావాలంటే రద్దు చేయగల రహస్య అక్షరాల వరస, పెట్టండి.

నా ఓటు ఎస్‌ఎస్‌హెచ్‌కే. 1995లో ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ అనే పరిశోధకుడు దీన్ని రాశాడు, వాళ్ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించాకే.

అయితే ఒక తప్పు చేయకండి. సబ్‌వర్షన్‌కి ఎస్‌ఎస్‌హెచ్ పెట్టి మనిషికో లాగిన్ ఇచ్చారనుకోండి, ఒకరు కమిట్ చేస్తే, అంటే తమ మార్పును సర్వర్‌లోకి ఎక్కిస్తే, ఆ ఫైళ్లు వాళ్ల పేరున పడి ఇంకొకరికి పర్మిషన్ డినైడ్ వస్తుంది. టెన్షన్‌లో ఎవరో ఒకరు 777 కొడతారు, అంటే ఆ ఫైళ్లను ఎవరైనా మార్చేలా తెరిచేస్తారు. నేనే కొట్టాను.

సర్వర్‌లో లాగిన్ ఒక్కటే ఉంచండి. ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో, అంటే ఎవరి ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవితో లోపలికి రావచ్చో రాసి ఉండే ఫైల్‌లో, మనిషికో లైను. ప్రతి లైను ముందు కమాండ్ అని రాసి, సబ్‌వర్షన్ తప్ప ఏదీ నడవకుండా కట్టేయండి. ఆ కమాండ్‌లోనే టనెల్ యూజర్ అనే చోట వాళ్ల పేరు ఇస్తే లాగ్‌లో ఎవరి కమిట్ వాళ్లదే. షెల్, అంటే సర్వర్‌లో ఇష్టమొచ్చిన కమాండ్లు కొట్టే చోటు, ఎవరికీ దొరకదు.

వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే గుప్త దారి, ఉందిగా అంటారు. ఉంటే దాని వెనకే పెట్టండి, కానీ లోపలికొచ్చాక ఎవరు ఎవరో తేల్చాల్సిందే.

ఇప్పుడు మా దగ్గర ఎవరైనా మానేస్తున్నారని హెచ్‌ఆర్ మెయిల్ వస్తే, సాయంత్రానికి ఒక లైను చెరిపేస్తాం. అది ఇక్కడే చేసి చూపిస్తాను. ప్రొజెక్టర్ వైరు ఎవరి దగ్గరుందండీ?