పచ్చళ్ల ఆన్‌లైన్ వ్యాపారంలో లాభం మిగులుతుందా? పెట్టుబడికి ముందే తేల్చుకునే లెక్క

[తెరపై: అరకిలో ఆవకాయ సీసా, పక్కన తెరిచిన లెక్కల పుస్తకం]

నమస్కారం. ఇంటి పచ్చళ్లను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవారు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది మొదట అడిగేది గిరాకీ ఉందా అని. గిరాకీ ఉంది. అయితే గిరాకీ ఉన్న ప్రతి సరుకులోనూ అమ్మేవారికి లాభం మిగలదు. కాబట్టి వెబ్‌సైటుకు, ఫొటోలకు, ప్రకటనలకు డబ్బు పెట్టకముందే, ఒక్క ఆర్డరు మీద చేతికి ఎంత మిగులుతుందో కాగితం మీద తేల్చుకోవాలి.

ముందుగా గిరాకీ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ మాటను జనం ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో ఆవకాయ అని వెతికి, అయిదేళ్ల రేఖను చూడండి. అక్కడ కనిపించే 100 అనే అంకె వెతికినవారి సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఆసక్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సమయానికి ఇచ్చిన కొలత మాత్రమే. అందుచేత ఆ రేఖ ఏ నెలల్లో ఆసక్తి పెరుగుతుందో చెబుతుంది గానీ, ఎన్ని సీసాలు అమ్ముడుపోతాయో చెప్పదు. పైగా తయారీ విధానం కోసం వెతికేవారూ, కొనడానికి వెతికేవారూ అందులో కలిసే ఉంటారు.

[తెరపై: ఖర్చులు ఒక్కొక్కటిగా కనిపించాలి]

ఇక అసలు లెక్కకు వద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ ఊరి ధరలతో మీరు మార్చుకోవాలి. అరకిలో ఆవకాయ 350 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. మామిడికాయలు, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వీటితోపాటు కలిపినవారి కూలి అన్నీ చేరి 140. సీసా, బబుల్ ర్యాప్, అట్టపెట్టె 40. కొరియర్ 90. ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 7. పచ్చళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. అది ఈ ధరలోనే కలిసి ఉందనుకుంటే సుమారు 17. మొత్తం 294 పోగా మిగిలేది 56 రూపాయలు.

ఈ లెక్కలో కూలిని నేను కావాలనే చేర్చాను. కాయలు తుడిచి, ముక్కలు కొట్టి, కారం కలిపే ఇంటి ఆడవారి శ్రమకు విలువ కట్టకపోవడం వల్లనే ఎన్నో ఇళ్లలో ఈ వ్యాపారం లాభంగా కనిపిస్తోంది. అది న్యాయం కాదు. వ్యాపారానికి మంచిదీ కాదు, ఎందుకంటే ఆర్డర్లు పెరిగి బయటివారిని పనిలో పెట్టుకున్న రోజున ఆ ధర నిలబడదు.

కొరియర్ ఖర్చు దగ్గర కూడా కొంచెం ఆగాలి. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ ఫలితాన్ని అసలు బరువుతో పోల్చి, రెండింటిలో ఎక్కువదానికి డబ్బు తీసుకుంటాయి. 20, 15, 15 కొలతల పెట్టె అయితే 0.9 కిలో లెక్కకు వస్తుంది, లోపలున్నది అరకిలో పచ్చడే అయినా.

ఇప్పుడు ప్రకటన ఖర్చు కలుపుదాం. ఒక్కో క్లిక్కుకు 5 రూపాయలు పడి, వచ్చిన 100 మందిలో అయిదుగురు కొంటే, ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చు 100 రూపాయలు. 56 మిగిలే చోట 100 ఖర్చు పెడితే ప్రతి సీసాకూ 44 రూపాయల నష్టం. అదే మనిషి మూడు రకాల పచ్చళ్లు కలిపి 1050 రూపాయలకు తీసుకుంటే, సరుకు 420, ప్యాకింగ్ 80, కొరియర్ 160, చెల్లింపు రుసుము 21, పన్ను 50, ప్రకటన 100 పోయినా 219 మిగులుతాయి. సరుకు అదే, కొనేవారూ వారే. ఆర్డరు పరిమాణం ఒక్కటే మారింది. కనుక ఒంటి సీసాల అమ్మకం మీద ఆధారపడే ఆలోచన అయితే దాన్ని అక్కడే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

పోటీదారులను చూసి భయపడనక్కరలేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను అందరికీ చూపే మెటా యాడ్ లైబ్రరీలో వారి ప్రకటన ఏ తేదీన మొదలైందో ఎవరైనా చూడవచ్చు. ఒక చిన్న సంస్థ ఒకే ప్రకటనను నెలల తరబడి నడుపుతోందంటే, దానివల్ల వారికి ఎంతో కొంత గిట్టుబాటు అవుతోందని అనుకోవచ్చు.

ఆవకాయకు మరొక చిక్కు ఉంది. కాయ వేసవిలోనే దొరుకుతుంది, అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగాలి. అంటే ఏప్రిల్, మే నెలల్లో పెట్టిన డబ్బు నెలల తరబడి జాడీల్లోనే ఉండిపోతుంది. అప్పు తెచ్చి పెట్టినట్లయితే ఆ వడ్డీని కూడా సీసా ధరలో వేయాలి. గోంగూర, టమాటా వంటివి మధ్య నెలల్లో డబ్బు తిరగడానికి తోడ్పడతాయి.

అనుమతుల విషయం: ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ 14 అంకెల నంబరును లేబుల్ మీద వేయాలి. రాష్ట్రం దాటి పచ్చళ్లు అమ్మాలంటే అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. అమెరికాలోని తెలుగువారినే నమ్ముకున్నవారు ఇంకా జాగ్రత్తగా లెక్క వేయాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది; అమ్మకానికి పంపే ఆహారానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం కూడా ఇవ్వాలి.

[తెరపై: ఆర్డర్ల పట్టిక]

ఇవన్నీ సరిపోయాయనిపిస్తే, వెబ్‌సైటు లేకుండానే వాట్సాప్ ద్వారా, యూపీఐ చెల్లింపుతో, పూర్తి ధరకు కొద్దిపాటి సరుకు అమ్మి చూడండి. బంధువుల ఆర్డర్లను ఈ పట్టికలో రాయకండి. వారు మీ మీద అభిమానంతో కొంటారు. క్యాష్ ఆన్ డెలివరీ కూడా ఇప్పుడే వద్దు, ఎందుకంటే తిరిగొచ్చిన పార్సిలుకు రానుపోను ఖర్చు మీ మీదే పడవచ్చు, తినే వస్తువును మళ్లీ అమ్మడమూ కష్టం. పరిచయం లేనివారు ఎంతమంది కొన్నారో, వారిలో సీసా అయిపోయాక ప్రకటన చూడకుండా తామే మళ్లీ అడిగినవారు ఎందరో తేదీలతో సహా రాసుకోండి. మళ్లీ అడిగినవారి ఆర్డరులో ప్రకటన ఖర్చు ఉండదు కాబట్టి, పెద్ద పెట్టుబడి పెట్టాలా వద్దా అన్నది వారి సంఖ్యను బట్టి నిర్ణయించుకోండి.