ఏ బొమ్మ ఎవరిదని అడక్కండి

అందరికీ నమస్కారం. మైకు నాకు అలవాటు లేదు, కాయితం చూసి చదువుతాను, ఏమనుకోవద్దు. ఈ ప్రదర్శనలో ఉన్నవి ఇంట్లో దెబ్బలు తినో, తాగుడు మానలేకో మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు చేసిన తోలుబొమ్మలు.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక పెద్దాయన ఆప్యాయంగానే అడిగారు: "మొగుడు కొట్టినామె చేసిన బొమ్మ ఏదమ్మా?" నేను చెప్పలేదు. ఒక్కో బొమ్మ కింద దాని పేరు, ధర రాశాం. చేసినామె పేరు, ఊరు రాయలేదు. మర్చిపోయి కాదు.

మొదటి ప్రదర్శనలో పేర్లు రాశాం. ఎవరో ఫోన్లో ఫొటో తీసి పదిమందికి పంపారు. నాలుగో రోజు ఒకామె భర్త మా వాకిట్లో నిలబడ్డాడు. ఆమె అప్పటికే 2005 గృహహింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. ఆమె పనిచేసే చోటికి అతను రాకూడదు, వస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఆ కాయితం మా బీరువాలో భద్రంగా ఉంది. అతను వాకిట్లో ఉన్నాడు. పోలీసులు వచ్చేసరికి అరగంట పట్టింది. తప్పు మాదే.

ఇంకో సంగతి. దెబ్బలు తిన్న ఆడమనిషిని చూసి ఊరు అయ్యో అంటుంది. తాగే ఆడమనిషిని చూస్తే తలుపేసుకుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద తిరగబడ్డారు, మరుసటేడు సారాయి నిషేధమే వచ్చింది. గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ మన మనసులో ఆడమనిషంటే మాన్పించే మనిషి. తానే మానలేని మనిషి ఎక్కడికి పోవాలి? ఒంటి నొప్పులకని మాత్రలు, నిద్రకని ఇంకో మాత్ర, ఆ తర్వాత మొగుడి సీసాలో మిగిలింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దారి ఇదే.

బొమ్మలేస్తే మందు మానతారా అంటారు. మానరు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మా గది.

గదిలో చేసేది మన జిల్లా పనే, తోలుబొమ్మ. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందే, ఆ పని. వెలుతురు కనపడేదాకా గీకిన మేకతోలు మీద గీతలు, రంగులు, ఉలితో చుక్కచుక్కగా రంధ్రాలు. ఒకామెకు చేతి వణుకు ఇంకా పోలేదు. చిలక చేసింది. నేర్పే అక్క దాని వెనక బల్బు పెట్టింది.

"ఆర్పేయక్కా, తప్పులన్నీ కనపడతాండాయి."

అక్క ఆర్పలేదు. కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టింది. "మెడకాడ ఏడు పోయినాయి. రెక్క బాగుంది. రేపు రెక్క నుంచే మొదలుపెట్టు."

పాపం అనలేదు, శభాష్ అనలేదు. నాకైతే అప్పుడు అయ్యో అని నోటిదాకా వచ్చింది.

ఆ చిలక అమ్ముడైంది. డబ్బు ఆమె పేరున పోస్టాఫీసులో వేశాం. "చేతికియ్యొద్దక్కా, ఇంకో ఆర్నెల్లు" అని ఆమే చెప్పింది.

చిలక అన్నానని గోడల మీద వెతక్కండి. అది చిలక కాదు.

బేరాల్లేవు. తోలు దీపాలను చేత్తో తాకకండి, చెమటకు రంగు పోతుంది. కాఫీ బయట వరండాలో ఉంది.