మా మల్లికి నేను తిండి పెడుతున్నాను

(జులై 6, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు కావలిలో ఉచిత రేబిస్ టీకా శిబిరం దగ్గర చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పశువైద్యులకు, మునిసిపల్ పెద్దలకు, పొద్దున్నే కుక్కలను పట్టుకొని వరుసలో నిలబడిన పిలకాయలకు, వాళ్ల వెనకాలే వచ్చిన అమ్మలకు నమస్కారం. డాక్టరుగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, బెల్లు కొట్టకుండా ఆపడం నాకు చేతకాదు. టైమయినప్పుడు ఎవరో ఒకరు బెల్లు కొట్టండి.

నాకిచ్చిన అంశం రేబిస్. అది ముందే చెప్పేస్తాను. 1885 జులై 6న పారిస్‌లో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి లూయీ పాశ్చర్ తాను తయారుచేసిన టీకా వేయించాడు. వాణ్ణి పిచ్చికుక్క కరిచింది. వాడు బతికాడు. ఏటా ఈ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేయడం అందుకే. కుక్క కరిస్తే కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. కుళాయి తిప్పి, ఆ ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. వెంటనే ఆసుపత్రికి పోయి డాక్టరు చెప్పిన టీకాలు ఒక్కటి కూడా మానకుండా వేయించుకోండి. జబ్బు బయటపడిన తర్వాత మందు లేదు. కుక్కపిల్లకు మూడు నెలలు రాగానే మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, ఆపైన ఏటేటా. అయిపోయింది.

ఇప్పుడు నా సంగతి. ఊరంతా ఇట్లా ఒకచోట దొరకడం నాకు మళ్లీ కుదరదు గనక ఒకేసారి చెబుతున్నాను. మా కుక్క మల్లికి నేను తిండి పెడుతున్నాను. రెండు పూటలా పెడుతున్నాను. దాని మీద ఒట్టు.

నవ్వకండి. పాలు పోసే అబ్బాయి అడుగుతాడు, ఇస్త్రీ చేసే ఆయన అడుగుతాడు, వీధి చివరి పెద్దమ్మ అయితే గేటు పట్టుకొని మరీ అడుగుతుంది: "ఏం టీచరమ్మా, పింఛను చాలడంలేదా? నోరులేని జీవాన్ని అట్టా ఎండబెట్టావే!" మల్లి గ్రేహౌండ్, పరుగుకు పేరుపడ్డ వేటకుక్కల జాతి. దాని చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడాలి. నడుం బాగా లోపలికి పోయి ఉండాలి. తుంటి ఎముకలు చేతికి తగలాలి. అవన్నీ కనపడకుండా కొవ్వుపట్టిన రోజున నన్ను నిలదీయండి, ఒప్పుకుంటాను. నమ్మకం లేకపోతే దాని వెనక తొడ ఒకసారి పట్టి చూడండి. అంతా కండే, కొవ్వు లేదు. లోతైన ఛాతీ, అందులో మిగతా జాతులకంటే పెద్ద గుండె, నెత్తురులో ఎర్రకణాలు ఎక్కువ. పరుగందుకుంటే ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను వదిలేస్తాయి. గంటకు డెబ్బై కిలోమీటర్ల దాకా పోగల జంతువు. దానికి పొట్ట ఎందుకుంటుంది, మీరే చెప్పండి?

మా ఇంట్లో గ్రేహౌండ్ ఉందంటే మొదట్లో ఒకాయన, మీ అబ్బాయి పోలీసుల్లో చేరాడా అని అడిగాడు. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ గారు నక్సలైట్ల మీదికి పెట్టిన గ్రేహౌండ్స్ దళం పేరే మనవాళ్లకు తెలిసింది. మా ఇంట్లో దళం రోజులో ముప్పాతిక భాగం నిద్రపోతుంది. ఇది నిజం, వేళాకోళం కాదు. పొద్దున ఒక నడక, సాయంత్రం ఒక నడక, గోడ కట్టిన స్థలంలో ఒక నిమిషం పరుగు, అంతటితో దానికి చాలు. మిగతా టైమంతా నిద్రే. ఇంత వేగంగల కుక్క ఇంట్లో ఎట్లా ఇముడుతుందని అడుగుతారు. నిజానికి ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఇమడదు. బయట గొలుసేసి కట్టేయడానికి పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. దొంగ వస్తే మా మల్లి జరిగి చోటిస్తుంది.

ఇక ఆ బిర్యానీ సంగతి. ఇది చెప్పకుండా నేను దిగను.

మా వీధిలో పెళ్లి. నేను పనుండి ఒంగోలు పోయాను. ఇంట్లో మా ఆయన ఉన్నారు. ఆయన మధ్యాహ్నం నిద్ర గురించి ఇక్కడ ప్రస్తావించను. ఇంతకుముందు చెప్పిన ఆ పెద్దమ్మే, పాపం మంచి మనసుతోనే, విందులో మిగిలిన బిర్యానీ అరబకెట్టు తెచ్చి, ఎముకలతో సహా గేటు లోపల కుమ్మరించింది. గ్రేహౌండ్ తిండి దగ్గర ఆగదు. మొత్తం తిన్నది. నీళ్లు తాగింది. అప్పుడే పెళ్లింటి పిలకాయలు బంతి విసిరారు, ఇది దొడ్డంతా చుట్టేసింది. నేను వచ్చేసరికి కడుపు ఉబ్బి గట్టిపడిపోయింది. కక్కబోతుంది, నురగ తప్ప ఏమీ రాదు. పడుకోలేదు, కూర్చోలేదు, అటూ ఇటూ తిరుగుతోంది.

అమ్మా, ఈ మూడు గుర్తులు రాసిపెట్టుకోండి. మీది గ్రేహౌండే కానక్కర్లేదు, డాబర్‌మ్యాన్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, లోతైన ఛాతీ ఉన్న ఏ కుక్కయినా సరే. ఉబ్బిన కడుపు, ఉత్త వమనం, నిలకడ లేకపోవడం. పొట్టలో గాలి నిండి, ఆ పొట్ట మెలికపడిందంటే నెత్తురు ఆడదు. గంటల్లో ప్రాణం పోతుంది. వాము నీళ్లు పోద్దాం, పొద్దున చూద్దాం అనే జబ్బు కాదిది. ఆ రాత్రే కారు మాట్లాడుకొని నెల్లూరు పోయాం. అక్కడ డాక్టరు ఎక్స్‌రే తీసి, నోట్లోంచి గొట్టం వేసి గాలి తీశారు. అదృష్టం, మెలిక పడలేదు. ఎముకల ముక్కలు కూడా ఎక్కడా గుచ్చుకోలేదు.

తెల్లారి ఇంటికి వస్తే పెద్దమ్మ గేటు దగ్గరే ఉంది. ఏమన్నదో వినండి. "పాపం, తిండి అలవాటు తప్పింది గదా, అందుకే పడలా."

నేనేం మాట్లాడేది?

అందుకే మళ్లీ చెబుతున్నాను. రోజు తిండిని రెండు భాగాలు చేసి పెడతాను. అన్నం, ఎముక తీసేసిన ఉడికిన కోడిమాంసం, గుడ్డు, కాస్త పెరుగు, క్యారెట్. డాక్టరుగారు రాసిచ్చిన పొడి ఒకటి కలుపుతాను. తిన్నాక గంటసేపు పరుగు లేదు. నెల్లూరోళ్లం, చేపల పులుసు మిగిలితే ఎవరికో ఒకరికి పెట్టకపోతే మనకు తోచదు. కుక్కకు వద్దు. అందులో ఉల్లిపాయ ఉంటుంది, అది ఎర్రకణాలను చంపుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ వద్దు. కుక్క కుంటుతోందని, ఒళ్లునొప్పులకు మనం మింగే మాత్ర దాని నోట్లో వేయడం అసలే వద్దు. ఏదన్నా పెట్టాలనిపిస్తే నన్ను పిలవండి, వచ్చి చూసి చెబుతాను. గేటు మీదుగా మాత్రం విసరకండి.

డాక్టరుగారు వాచీ చూస్తున్నారు. ఆయనతోనే నాకు తర్వాతి పని. ఆయన మీద ఫిర్యాదు కాదు, ఆయనకు ఈ సంగతులన్నీ తెలుసు. నా బాధ వేరేచోట. మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని ఒక క్లినిక్‌కు తీసుకుపోయాను. ఏ ఊరో చెప్పను. మత్తు మందు సంగతి అడిగితే, "కుక్కంటే కుక్కేనమ్మా, బరువు చూసి ఇస్తాం" అన్నారు. గ్రేహౌండ్‌కు బరువొక్కటే చూస్తే చాలదయ్యా! థయోపెంటాల్ లాంటి మత్తు మందులు ముందు నెత్తుర్లోంచి కండలోకి, కొవ్వులోకి పోతేనే కుక్క లేస్తుంది. ఈ జాతికి కొవ్వే లేదు. పైగా ఆ మందును విరగ్గొట్టే ఎంజైము దీని కాలేయంలో నెమ్మదిగా పనిచేస్తుంది. మిగతా కుక్క లేచి కూర్చునే వేళకు ఇది ఇంకా గంటలకొద్దీ పడి ఉంటుంది, ఒక్కోసారి లేవదు కూడా. వేరే మందులున్నాయి. అడగాలి, అంతే. నేను అడిగాను, వాళ్లు విసుక్కున్నారు, నేను మద్రాసు పోయాను. మనకు తలనొప్పి వచ్చినా మద్రాసే గదా! వేపేరిలో ఉన్న పశువైద్య కళాశాల 1903లో మొదలైంది. అక్కడ నేను నోరు తెరవకముందే, "గ్రేహౌండా, అయితే ఈ మందు వాడం" అన్నారు. ఆ మాట విన్నాక నాకున్న టెన్షన్ దిగింది.

రక్తపరీక్ష దగ్గరా ఇదే తంతు. ప్లేట్‌లెట్లు తక్కువ, పిడుదుల జ్వరం అన్నారు ఒకచోట. థైరాయిడ్ తక్కువ, జీవితాంతం మాత్రలు అన్నారు ఇంకోచోట. ఈ జాతికి ఆ రెండూ పుట్టుకతోనే మిగతా కుక్కలకన్నా తక్కువ. అట్లాగని మన ఊళ్లో పిడుదులు లేవని కాదు, వానలు పడితే గోడల మీద పాకుతాయి. జ్వరం ఉందా, చిగుళ్లు పాలిపోయాయా చూసి, పిడుదుల జ్వరానికి విడిగా పరీక్ష చేయించి, అప్పుడు మందు వేయండి. పిడుదులు పోవాలని గేదెలకు కొట్టే మందు చిక్కగా కుక్క ఒంటిమీద పోసేవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఎవరని అడగను.

మెడపట్టీ గురించి అనుకున్నది మర్చిపోతానేమో, చెప్పేస్తాను. దీని తల మెడకంటే సన్నం. మామూలు బెల్టు వెనక్కి లాగితే తల జారి బయటికొస్తుంది, ట్రంకు రోడ్డు మీద పిల్లి కనపడిందంటే ఇక అంతే. పది అంగలు పడకముందే పూర్తి వేగం అందుకుంటుంది, మనం పిలిచేది దాని చెవికెక్కదు. మార్టింగేల్ అనే పట్టీ ఉంది, లాగితే జారనంత మాత్రం బిగుస్తుంది, గొంతు నులమదు. ఇక్కడ దొరకలేదు. గిత్తలకు గజ్జెల పట్టీలు కుట్టే ఆయన దగ్గర కూర్చుని బొమ్మ గీసి చూపించాను. రెండంగుళాల వెడల్పుతో, లోపల మెత్త గుడ్డ వేసి కుట్టిచ్చాడు. పొడవాటి తాడుకు కట్టి వదిలేయకండి, ఆ వేగంతో పోయి తాడు చివర ఆగితే మెడ విరుగుతుంది. చర్మం ఉల్లిపొర. ముళ్లకంచె గీరుకుంటే కుట్లు వేయించాల్సిందే.

ఇక ఎండ. ఈ షామియానా కింద మనకే ఊపిరాడటం లేదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దించుకోవాలి. అన్ని కండలున్న కుక్క పరిగెత్తితే ఆ వేడి ఎంతుంటుంది? రోహిణి కార్తెలో మల్లి నడక తెల్లారకముందే. అరచేతిని తిరగేసి రోడ్డు మీద ఆనించి చూస్తాను, నేను ఓర్చుకోలేకపోతే దాన్నీ నడిపించను. నాలుక ముదురు ఎరుపెక్కి తూలుతుంటే నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో పొట్ట, తొడలు తడిపి, ఫ్యాను వేసి, ఆసుపత్రికి. చలికాలంలో కథ తిరగబడుతుంది, దీనికి చలి ఆగదు. మార్గశిరంలో దానికి శాలువా కప్పితే మా వీధి వీధంతా నవ్వింది. నవ్వనీ. పడుకోవడానికి మందపాటి బొంత కావాలి, గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి. నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకోకండి, ముందు పేరు పెట్టి పిలవండి. కొన్నింటికి ఉలిక్కిపడి నోరు చాచే అలవాటు ఉంటుంది.

మల్లి నా దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పి ముగిస్తాను. వెనక వరుసలో మోటార్ సైకిళ్ల మీద కూర్చున్న అబ్బాయిలూ, ఇది మీకే. కనుమ పండగ అయిన తర్వాత వింజమూరు దాటి ఉదయగిరి పోయే దారిలో, మా బంధువొకాయన తోటలో ఇది కుంటుతూ కనపడింది. ఎవరో పంజాబు కుక్కపిల్ల అని డబ్బులు పోసి కొనుక్కొచ్చి, రాత్రిళ్లు లైట్లు వేసి చెవులపిల్లి మీదికి ఉసిగొల్పి, ముందుకాలి వేలు విరగ్గానే దాన్ని దింపేసి పోయారు. ఆ కుక్క ఎవరిదో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. చెవులపిల్లిని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పెంచిన జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం. అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు కుక్కల పందేలు వద్దని 2018లో ఓటేశారు, 2020 ఆఖరుకల్లా అక్కడ పందేలు ఆగిపోయాయి. పందెం మానిన కుక్కలను ఇళ్లకు చేర్చే సంఘాలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. మెట్లు, అద్దాల తలుపులు ఎన్నడూ చూడని కుక్కలకు ఓపిగ్గా అవన్నీ నేర్పి ఇస్తారు. మన దగ్గర కుంటి వేటకుక్కకు చేరే చోటే లేదు. అడిగితే, అది వేటజాతి టీచరమ్మా, ఇంట్లో ఉండదు అంటారు. మా ఇంట్లో నవారు మంచం ఇప్పుడు దానిదే, నేను చాప మీద పడుకుంటున్నాను.

మీ ఇళ్లల్లో అట్లాంటి కుక్క ఉంటే, పెంచలేమనిపిస్తే, రోడ్డు మీద వదలొద్దు. ఎవరు, ఏమిటి అని అడగను. నాకు చెప్పండి, డాక్టరుగారికి చెప్పండి. తీసుకునేవాళ్లను వెతుకుదాం.

ఆ, బెల్లు కొట్టారు. సరే. టీకా వరుసలో ఆ నల్ల కుక్కను కాస్త ఎడంగా నిలబెట్టు నాయనా, ముందున్న మేకపిల్లను చూస్తోంది. గ్రేహౌండ్ గానీ, మన దేశపు వేటకుక్కలు చిప్పిపారై గానీ, ముధోల్ గానీ తెచ్చినవాళ్లు టీకా అయ్యాక ఇక్కడే ఆగండి, మెడపట్టీ కుట్టే ఆయన్ను కూడా రమ్మన్నాను, కొలతలు తీసుకుంటాడు.