పులిహోర ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయింది

నమస్తే అండీ. చవితి దగ్గర పడింది కదా, మా వీధి కుర్రాళ్లు నిన్న చందా పుస్తకం పట్టుకొచ్చారు. "అన్నా, ఈసారి లడ్డూ వేలం డబ్బులో కొంత పక్కన పెడతాం. వానలకి ఎక్కడైనా ఇళ్లు మునిగితే వాళ్లకి ఏమన్నా కొనిద్దాం. ఏం కొనమంటారు?" అని అడిగారు. బాగుందిరా అన్నాను. కానీ కొనడం గురించి నాకు ఒక పాఠం ఉంది. అది 2024 చవితికి విజయవాడలో నేర్చుకున్నది.

ఆ ఏడాది సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు కట్టకి గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక నీళ్లలోకి వెళ్లిపోయాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటు కృష్ణ, ఇటు బుడమేరు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. ఈలోగా 7వ తేదీ, చవితి వచ్చేసింది. వినాయకుడు ఇంటికి రావాల్సిన రోజున చాలా ఇళ్లలో మనుషులే లేరు.

మేమూ పులిహోర పొట్లాలు కట్టుకుని ఆటోలో బయల్దేరాం. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఆగిపోయాం. మేమే కాదు, అందరూ అక్కడే ఆగారు. అక్కడున్న మనిషి చేతిలో నాలుగేసి పొట్లాలు. లోపలి వీధుల్లో మేడ మీద పిల్లలతో కూర్చున్నవాళ్లకి మాత్రం నీళ్ల సీసా కూడా దొరకడం కష్టమైంది. పడవలు, చివరికి డ్రోన్లు కూడా వాడాల్సి వచ్చింది. మేం మాత్రం ఫ్లైఓవర్ మీద ఫొటో దిగి, పుణ్యం వచ్చేసిందని ఇంటికొచ్చాం. ఆ ఫొటో ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

నీళ్లు తీశాక మళ్లీ వెళ్లాం. ఫైరింజన్లతో ఇళ్లూ వీధులూ కడుగుతున్నారు. తడిసిన పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు గుమ్మాల ముందు గుట్టలు. వాటి పక్కనే ఇంకో గుట్ట, అది మనలాంటి వాళ్లు పంపిన పాత బట్టలు. ఒక మూట విప్పి చూశాను. జిప్పు పోయిన ప్యాంటు, చంకల్లో చిరిగిన జాకెట్టు. శ్రావణమాసంలో మన ఇళ్లలో "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకుంటారు చూడండి. అందులో చిరిగిన జాకెట్టు ముక్క పెట్టి ఇవ్వమనండి, ఎవరైనా ఇస్తారా? బొట్టు పెట్టి మరీ ఇస్తాం. మరి నీళ్లలో మునిగొచ్చిన ఆడమనిషికి అయితే ఏదైనా పర్లేదా?

ఆ వీధి చివర ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. ప్రభుత్వం ఇచ్చిన 25 కేజీల బియ్యం బస్తా, కందిపప్పు, నూనె, అన్నీ పక్కనే ఉన్నాయి. "ఇంకేం కావాలమ్మా?" అంటే, "బియ్యం ఉంది బాబూ. స్టవ్వులోకి బురద పోయింది. బాగుచేసేవాడెవడైనా ఉంటే తీసుకురా. ఈ ఏడు స్వామికి ఉండ్రాళ్లు కూడా పెట్టలేదు" అంది.

చూశారా? ఆవిడకి కావాల్సింది వస్తువు కాదు, ఒక మెకానిక్. మేం ఆ మాట వినకపోతే ఇంకో బస్తా బియ్యం దింపి వచ్చేసేవాళ్లం. మర్నాడు మా పేటలో స్టవ్వులు రిపేరు చేసే తాతని బతిమాలి తీసుకెళ్లాం. సాయంత్రం దాకా ఆ ఒక్క వీధిలోనే కూర్చున్నాడు. మా ఖర్చు ఆయన కూలీ, కాసిని బర్నర్లు, రెండు టీలు. అంతకుముందు పులిహోరకి అయినదాంట్లో సగం కూడా కాలేదు.

అందుకే కుర్రాళ్లకి చెప్పాను. మొదటి మూడు రోజులు అన్నం పెట్టేవాళ్లు చాలామందే వస్తారు. మీరు పదో రోజున వెళ్లండి. వీధి మొదట్లో ఆగకుండా చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. ముందు అడగండి, తర్వాతే కొనండి. స్టవ్వు, కుక్కరు, పరుపు, బడి పుస్తకాలు, ఏది అడిగితే అది.

అంతా విన్నాడు వాళ్లలో ఒకడు. బుర్ర గోక్కుని, "సరే అన్నా, మరి బ్యానర్ మీద ఎవరి ఫొటో వేయిద్దాం?" అన్నాడు.

516 రాసుకోరా అన్నాను.