షీట్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు

అందరికీ నమస్కారమండీ. మాది తెనాలిలో హార్డ్‌వేర్ షాపు. మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు నాకు, కౌంటర్ దగ్గరైతే ఎంతసేపైనా మాట్లాడతా. మా షాపు లెక్కలు పుస్తకాల నుంచి కంప్యూటర్‌కి ఎలా మారాయో చెప్తా.

మా నాన్నగారి టైములో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజుది ఆ రోజు చిట్టాలో రాసేది, షట్టర్ దించాక గుమాస్తాగారు పేర్లవారీగా ఆవర్జాకి ఎక్కించేవారు. ఎవరి బాకీ ఎంతో ఆయనకే తెలుసు, ఆయన పెళ్లికెళ్తే ఆ మూడు రోజులూ వసూళ్లు లేనట్టే.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక కంప్యూటర్ కొన్నాం. అదే పెద్ద మార్పు అనుకున్నా, కాదండీ, పుస్తకంలో రాసేది అందులో కొట్టాం అంతే. అసలు సంగతి 2బీతో అర్థమైంది, అంటే మనం కొన్న బిల్లులతో జీఎస్టీ సైటులో నెలనెలా వచ్చే పట్టీ. మనకి సరుకు అమ్మినాయన తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, మన జీఎస్టీ నంబరు మీద బిల్లు ఎక్కిస్తేనే 14వ తారీకుకి మన 2బీలో కనపడేది, కనపడితేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మనం కట్టాల్సిన పన్నులో తగ్గేది. ఒకసారి ఒకాయన మా బిల్లుని నంబరు లేని మామూలు కస్టమర్ కింద ఎక్కించేశాడు. బిల్లు నా చేతిలో ఉంది, సరుకు గోడౌన్‌లో ఉంది, డబ్బులు కట్టేశా, క్రెడిట్ మాత్రం లేదు! తర్వాత నెల సరిచేసేదాకా ఫోన్లే ఫోన్లు. అంటే నా లెక్క సగం వేరేవాళ్ల చేతిలో ఉందన్నమాట.

మా షాపు లోపలా అదే గొడవ. స్టాక్‌కి గూగుల్ షీట్ పెట్టాం, కౌంటర్లో నేను, గోడౌన్‌లో మా బావమరిది. నేను అంగుళం అని రాస్తా, వాడు 25 ఎంఎం అని రాస్తాడు. ఇళ్లలో నీళ్లకి వేసే సీపీవీసీ పైపుల్లో అంగుళమంటే 25, పొలాలకి వేసే పీవీసీలో 32. ఉన్న పైపు లేదని చెప్పి ఇద్దరు కస్టమర్లని పంపేశా. పుస్తకమైతే నడిచేది, రాసేదీ చదివేదీ ఒకళ్లే కదా. కంప్యూటర్ రెండ్రోజుల్లో వచ్చింది గానీ, అందరం ఒకే పేరు రాయటానికి నెలన్నర పట్టింది.

బాకీల షీట్ మాత్రం షాపులో పనిచేసే కుర్రాళ్లకి ఇవ్వట్లేదండీ. మొదట్లో ఇచ్చా. ఒక మేస్త్రి బాకీ ఇంకో మేస్త్రి ముందు చదివేశాడు మావాడు. ఆ బాకీ ఉన్నాయన డబ్బులన్నీ కట్టేసి, మళ్లీ మా షాపు మెట్లెక్కలా.