కార్ల్‌ష్టెయిన్: సున్నపురాయి మీద వెలసిన సంతపట్టణం

నమస్కారం. ప్రాగ్ నగరానికి నైరుతి దిక్కున, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బెరౌంకా నది ఒడ్డున కార్ల్‌ష్టెయిన్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా వెయ్యికి లోపే. చెక్ భాషలో ఇలాంటి ఊరిని ‘మ్యెస్తిస్’ అంటారు; పల్లెకు పెద్దదిగా, పట్టణానికి చిన్నదిగా ఉండి, పూర్వం సంత జరుపుకొనే హక్కు పొందిన ఊళ్లకు ఆ పేరు చెల్లేది. కమ్యూనిస్టుల పాలనలో కనుమరుగైన ఈ హోదాను 2006లో చట్టం మళ్లీ తెచ్చింది.

ప్రాగ్ నుంచి ప్ల్జెన్ వెళ్లే రైలుమార్గం 1862లో ప్రారంభమైంది. ఈనాటికీ సందర్శకులు అదే దారిలో వచ్చి, స్టేషన్ దగ్గర దిగి, వంతెన మీదుగా నది దాటి, ఊరిని పట్టించుకోకుండా నేరుగా గుట్ట మీది కోట ఎక్కేస్తారు. ఆ తొందర నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఈ ఊరి కథ కోటతో మొదలు కాలేదు.

నది పక్కన, ఊరి అంచున బుడ్న్యానీ బండ అనే కొండచరియ ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే, పుస్తకాలు దొంతరగా పేర్చినట్టు సున్నపురాయి పొరలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. అవన్నీ ఒకనాటి సముద్రపు అడుగున పేరుకున్న మట్టి, జీవుల గుల్లలు. భూచరిత్రలో సిలూరియన్ యుగం ముగిసి డెవోనియన్ యుగం మొదలైన ఘట్టం, అంటే దాదాపు 42 కోట్ల సంవత్సరాల కిందటి కాలం, ఈ పొరల్లో నమోదై ఉంది. ఆ రెండు యుగాల సరిహద్దుకు ప్రపంచమంతటికీ ప్రమాణంగా 1972లో ఎంచుకున్న చోటు, క్లోంక్ అనే కొండ, ఇదే సున్నపురాయి ప్రాంతంలో సుఖోమాస్తీ దగ్గర ఉంది. భూవిజ్ఞానంలో అలా నిర్ణయించిన మొట్టమొదటి ప్రమాణస్థలం అదే.

బొహీమియా (నేటి చెక్ దేశపు పశ్చిమ భాగం) రాజు నాలుగవ చార్లెస్ 1348లో ఇక్కడి సున్నపురాయి గుట్ట మీద కోటకు పునాది వేయించాడు. గుట్ట కింద పెరిగిన ఊరి పేరు బుడ్న్యానీ. కోట పేరే ఊరికి కూడా స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. కోట మెట్లుమెట్లుగా పైకి లేస్తుంది: అడుగున కోటాధికారి నివాసం, ఆపైన రాజభవనం, ఆపైన మరియమ్మ బురుజు, అన్నిటికంటె ఎత్తున 60 మీటర్ల మహాబురుజు. రాజు నివాసం కంటె దేవుని మందిరం ఎత్తులో ఉండాలన్న భావం ఆ అమరికలోనే తెలుస్తుంది. మహాబురుజులో 1365లో ప్రతిష్ఠ జరిగిన పవిత్ర శిలువ మందిరం ఉంది. గోడల్లో సానపట్టిన రత్నశిలలు పొదిగారు. బంగారు పూత పూసిన పైకప్పులో గాజు నక్షత్రాలు అమర్చారు. చిత్రకారుడు థియోడొరిక్ గీసిన 129 పవిత్రుల చిత్రాలు గోడల నిండా నిలిచాయి. చార్లెస్ చక్రవర్తిగా పాలించిన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కిరీటాభరణాలను భద్రపరచిన గది ఇదే.

1422లో హుస్సైట్లు, అంటే మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులు, నెలల తరబడి కోటను ముట్టడించి, రాళ్లతో పాటు జంతు కళేబరాలను కూడా లోపలికి విసిరారు; అయినా కోట లొంగలేదు. మనం ఈరోజు చూసే ఎత్తయిన కప్పులు మాత్రం 1887 నుంచి 1899 వరకు వాస్తుశిల్పి యోసెఫ్ మోకర్ ఆధ్వర్యంలో జరిగిన పునరుద్ధరణ ఫలితం. ఆ పని మరీ ఎక్కువైందని ఆక్షేపించినవారున్నారు. శిథిలమైపోకుండా కాపాడింది కూడా ఆ పనే కనుక నేను వారితో పూర్తిగా ఏకీభవించలేను.

ఎండ తగిలే వాలుల్లో ద్రాక్షతోటలు నేటికీ ఉన్నాయి. ప్రాగ్ చుట్టూ ద్రాక్ష నాటాలని 1358లో ఆజ్ఞ ఇచ్చినది కూడా చార్లెసే.

ఇక నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది కోట బావి. కుత్నా హోరా అనే ఊరి వెండి గనుల నుంచి వచ్చిన పనివారు సున్నపురాయిని తొలిచి సుమారు 80 మీటర్ల లోతు దిగారు, కాని నీరు పడలేదు. సున్నపురాయి నీటిని నిలవనీయదు, పగుళ్లలోకి జార్చేస్తుంది. అందుకని ఊరి లోయలో పారే వాగు నుంచి భూగర్భ కాలువ తవ్వి బావిలోకి నీరు మళ్లించారు. ఆ సంగతి శత్రువుకు తెలిస్తే కోట గొంతెండిపోతుంది కనుక కాలువ జాడను రహస్యంగా ఉంచారని చెబుతారు. బావి మీద పెద్ద చెక్కచక్రం ఉంది. అందులోకి దిగిన మనుషులు అడుగు తరువాత అడుగు వేస్తూ దాన్ని తిప్పేవారు. కింది ఊరి వాగు నీరు అలా బొక్కెనలో రాజుగారి కోటకు చేరేది.